మడ్గార్డులు లేని బండి

ఉగాది సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని మన సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు, పులికాటు ఒడ్డున డచ్చివారు కట్టిన కోటను గురించో, మన సరిహద్దు ఊళ్ళలోని గుళ్ళను గురించో వ్రాయగలమని ఆయన తలచి ఉంటారు. మేమూ అట్లే తలచాము. కాని మొన్న సంక్రాంతికి జరిగిన ఒక చిన్న సంగతి మా చేత వేరొక చరిత్రను చదివించింది. దానికి మూలం జానెడు పొడవైనా లేని ఒక బొమ్మకారు.

ఆరంబాక్కంలో మన కుటుంబాలు కలిసి పెట్టిన బొమ్మలకొలువును పాఠకులలో చాలామంది చూసే ఉంటారు. తమిళ సోదరులు నవరాత్రులకు పెట్టే కొలువు మన కృష్ణా, గుంటూరు వైపు వాళ్ళకు సంక్రాంతి వేడుక. పై మెట్లమీద దశావతారాలు, కొండపల్లి అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కుతున్న గీతకార్మికుడు, తిరుపతి కొయ్యబొమ్మల జంట, అన్నీ ఎప్పటివలెనే ఉన్నాయి. అడుగు మెట్టుమీద మాత్రం మా మేనల్లుడు తాను నెల రోజులు కూర్చొని అతికించిన ఒక మోటారు బొమ్మను పెట్టాడు. ఎర్ర రంగు. ముందు చక్రాలు చిన్నవి, వెనుక చక్రాలు పెద్దవి. పైన కప్పు లేదు. ఇంజనుకు మూత లేదు. నాలుగు చక్రాలలో ఒక్కదానికీ మడ్గార్డు లేదు.

కొలువు చూడవచ్చిన ఒక పెద్దాయన కళ్ళజోడు సవరించుకొని, “ఏంది అబ్బయా ఇది, మడ్గార్డులు ఏడ బోయినాయి? ఎలుకలు ఎత్తుకొనిపోయినాయా?” అన్నారు. పదిమందీ నవ్వారు. వాడు ఏదో చెప్పబోయి ఊరుకొన్నాడు. ఆ రాత్రి వాడి గదిలో ఆ బొమ్మ వచ్చిన అట్టపెట్టె మా కంటబడింది. తెరిచి చూస్తే మడ్గార్డులు నాలుగూ, ఇంజను మూతా అందులోనే భద్రంగా ఉన్నాయి! మేము రైల్వే పార్సెలు గుమాస్తాలము. వచ్చిన శాల్తీలు లెక్కకు సరిపోకపోతే నిద్రపట్టని జాతి. పిల్లవాడు పని సగంలో వదిలాడని కోపగించుకొని, క్షణంలో పట్టుకొనే జిగురు తెచ్చి, వాడు నిద్రలో ఉండగానే ఆ మడ్గార్డులను మేమే అతికించాము. మంచి పని చేశామనే అనుకొన్నాము.

తెల్లవారి చూస్తే బండి ముందు అద్దం పాలు పోసినట్టు తెల్లగా మసకబారి ఉన్నది. ఆ జిగురు ఆవిరి తగిలితే పారదర్శకమైన ప్లాస్టిక్ అట్లా చెడిపోతుందట. వాడు అరవలేదు, ఏడవలేదు. “ఇది ఇట్లా ఉండేది కాదు మామా. మడ్గార్డులు పీకెయ్యడమే ఈ బండి కథ” అని మాత్రం అని, బొమ్మను కొలువులోనుంచి తీసి లోపల పెట్టుకొన్నాడు. ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. తప్పు చేసిన తరువాత కారణం తెలుసుకొనడం మా ఉద్యోగంలోనూ వాడుకే కనుక ఆ కథ ఏమిటో చదవసాగాము. చదివినది ఇక్కడ విన్నవిస్తున్నాము.

ముందు ఆ బొమ్మ సంగతి చెప్పాలి. ఇది అంగట్లో దొరికే తయారు బొమ్మ కాదు. పెట్టెలో ప్లాస్టిక్ చట్రాలు ఉంటాయి. వాటికి చెట్టుకొమ్మకు పిందెల వలె వంద పైచిలుకు ముక్కలు అంటుకొని ఉంటాయి. ఒక్కొక్కటీ కోసి, అంచులు రుద్ది, రంగు వేసి, కాగితంమీద అచ్చువేసిన వరుస ప్రకారం అతికించాలి. ఇంజనులో చిన్న చిన్న గొట్టాలు సైతం వేరువేరు ముక్కలే. పెట్టెమీద 1/25 అని ఉన్నది. అంటే బొమ్మలో ఒక అంగుళం అసలు బండిలో రెండడుగుల ఒక అంగుళం. 1932 నాటి ఫోర్డు కారుకు ముందు ఇరుసునుండి వెనుక ఇరుసుకు 106 అంగుళాలు. బొమ్మలో కొలిస్తే నాలుగుంపావు అంగుళాలకు వెంట్రుకవాసి తక్కువ. మేము స్కేలు పెట్టి చూశాము, సరిగ్గా ఉన్నది. రైలు బొమ్మలలోనైనా ఇంత నియమం ఉండదు. ప్రపంచమంతటా వాడే 1/87 రైలు బొమ్మల పట్టాల వెడల్పు పదహారున్నర మిల్లీమీటర్లు. అది నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాల విదేశీ గేజికి సరిపోతుంది గాని, ఐదడుగుల ఆరంగుళాల మన బ్రాడ్‌గేజికి పందొమ్మిది దాటాలి. మన ఇంజను బొమ్మను ఆ పట్టాలమీద నడిపేవారంతా గేజి తప్పినవారే. ఇది మా శాఖాభిమానం, పాఠకులు మన్నించాలి.

ఇక అసలు బండి కథ. హెన్రీ ఫోర్డు 1908లో మోడల్ టీ అనే కారును తెచ్చాడు. మొదట 850 డాలర్లున్న ధర, తయారీ వేగం పెరిగినకొద్దీ తగ్గి తగ్గి చివరకు 300 డాలర్లకు లోపు వచ్చింది. 1927లో ఆపేనాటికి కోటీ యాభై లక్షలకు పైగా బండ్లు తయారైనాయి. తరువాత 1931 దాకా మోడల్ ఏ. 1932లో, అమెరికా అంతా ఉద్యోగాలు లేక అల్లాడుతున్న మాంద్యం రోజులలో, ఫోర్డు ఎనిమిది సిలిండర్ల ఇంజనును ఒకే పోతగా పోసి, 65 గుర్రాల శక్తితో, సామాన్యుడు కొనగల బండిలో పెట్టాడు. అంతవరకు ఎనిమిది సిలిండర్లంటే ధనవంతుల సొమ్ము. కొత్తది వచ్చినప్పుడు పాతది చౌక అవుతుందని మనకెవరూ చెప్పనక్కరలేదు. పాత ఫోర్డులు పెరళ్ళలో తుప్పు పడుతూ కొద్ది డాలర్లకే దొరికేవి. వాటిని కొన్నది కాలిఫోర్నియాలోని పేద, మధ్యతరగతి కుర్రవాళ్ళు.

లాస్ ఏంజెలిస్ పట్టణానికి అవతల ఎడారిలో ఎండిపోయిన చెరువులు కొన్ని ఉన్నాయి. మ్యూరాక్, ఎల్ మిరాజ్ అనేవి వాటిలో పేరుపడ్డవి. వేసవిలో అడుగు నేల సిమెంటు గచ్చువలె గట్టిపడి మైళ్ళ తరబడి చదునుగా ఉంటుంది. 1920ల నుండే కుర్రవాళ్ళు శనివారం రాత్రి బయలుదేరి, తెల్లవారుజామున గాలి లేవకముందే అక్కడ తమ బండ్లను పరుగెత్తించి వేగం చూసుకొనేవారు. వారం రోజులు పనికి వెళ్ళేది ఆ బండిలోనే. చెరువు దగ్గరకు చేరగానే రెంచి తీసి మడ్గార్డులు, ఇంజను మూత, ముందు అద్దం, దీపాలు విప్పి పక్కన పెట్టేవారు. బరువు తగ్గితే వేగం పెరుగుతుంది, గాలికి అడ్డం తగ్గినా పెరుగుతుంది. కొత్త ఇంజను కొనే తాహతు లేనివాడికి ఉన్న ఒకే ఉపాయం ఉన్నదాన్ని తీసివేయడం. పందెం అయిన తరువాత మళ్ళీ బిగించుకొని సోమవారం పనికి పోవచ్చు. బిగించడానికి విసుగుపుట్టినవాడు ఇంట్లోనే వదిలేశాడు. మడ్గార్డులు లేని బండి కథ ఇదీ!

ఇట్లా మార్చిన బండికే తరువాతి రోజులలో హాట్ రాడ్ అనే పేరు స్థిరపడింది. కప్పు లేని ఇద్దరు కూర్చొనే బండిని రోడ్‌స్టరు అంటారు. ఆ మాట తుంటే రాడ్ అయిందని కొందరు చెబుతారు. పేరు ఎట్లా వచ్చినా, పని మాత్రం తెలివైన పని. 1939లో ఫోర్డు కంపెనీ మొదటిసారి ద్రవపు ఒత్తిడితో పనిచేసే బ్రేకులు పెట్టగానే, కుర్రవాళ్ళు దెబ్బతిన్న 1939 బండ్ల బ్రేకులు తెచ్చి 1932 బండ్లకు బిగించారు. లింకన్ జెఫిర్ అనే ఖరీదైన కారు పళ్ళచక్రాలు ఫోర్డు గేరుపెట్టెలో పడతాయని కనిపెట్టి అవీ వేసుకొన్నారు. విక్ ఎడెల్‌బ్రాక్ అనే మెకానిక్కు తన బండికోసం తయారుచేసుకొన్న గాలి, పెట్రోలు గొట్టాన్ని చూసి తోటివారు తమకూ కావాలన్నారు. అట్లా మొదలైన కొట్టు తరువాత పెద్ద కర్మాగారమైంది. 1937లో కుర్రవాళ్ళ క్లబ్బులన్నీ కలిసి దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అనే సంఘం పెట్టుకొన్నాయి. సంఘం పెట్టుకొనడం మన తెలుగువాళ్ళ జబ్బు మాత్రమే కాదని మాకు అప్పుడు తెలిసింది. తేడా ఏమిటంటే, వాళ్ళ సంఘం గడియారం పట్టుకొని ఎవరి వేగం ఎంతో వ్రాసిపెట్టింది. ఆ పుస్తకాలవల్లనే ఈనాడు ఈ చరిత్ర మనకు దొరుకుతున్నది.

యుద్ధం వచ్చింది. ఆ కుర్రవాళ్ళలో చాలామంది సైన్యంలో చేరి విమానాలు, టాంకులు బాగుచేయడం నేర్చి, చేతిలో కొంత డబ్బుతో 1945లో తిరిగివచ్చారు. మ్యూరాక్‌ను అప్పటికి సైన్యం తీసుకొన్నది. ఎల్ మిరాజ్ మిగిలింది. బిల్ బర్క్ అనే అతను యుద్ధ విమానాల కింద వ్రేలాడదీసే అదనపు పెట్రోలు తొట్టిని చిల్లరకు కొని, దానికి చక్రాలు బిగించి, లోపల తాను కూర్చొని పందెంలో నడిపాడు. యుద్ధపు తుక్కును ఇంత ముచ్చటగా వాడుకొన్నవాడు ఇంకొకడు ఉండడు.

కాని ఊళ్ళో వాళ్ళకు ఈ ముచ్చట నచ్చలేదు. రాత్రివేళ వీధులలో పందెములు వేసి ప్రాణాలు తీసుకొన్నవారూ ఉన్నారు. పత్రికలు అందరినీ ఒకే గాటకట్టి రౌడీలన్నాయి. దానికి జవాబుగా 1948 జనవరిలో లాస్ ఏంజెలిస్‌లో ఒక ప్రదర్శన జరిగింది. అదే నెలలో రాబర్ట్ పీటర్‌సన్ అనే యువకుడు స్నేహితునితో కలిసి హాట్ రాడ్ అనే పత్రికను మొదలుపెట్టి, కాపీ 25 సెంట్లకు అమ్మాడు. ఆ పత్రిక సంపాదకుడు వాలీ పార్క్స్ 1951లో జాతీయ సంఘం నెలకొల్పి, వీధిలో కాకుండా నియమాల ప్రకారం పందెం వేయండని ఊరూరా చెప్పాడు. స్థలం ఎక్కడ? యుద్ధం అయిపోయి ఊరికే పడి ఉన్న విమానాశ్రయపు దారులు ఎన్నో ఉన్నాయి! 1949లో గొలీటాలో, 1950లో సాంటా అనాలో విమానాలు తిరిగే నేలమీదనే ఈ పందెములు జరిగాయి. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ మన ఊరివైపు వచ్చినప్పుడు అవసరమవుతుంది.

ఇప్పుడు పెట్టెల దగ్గరకు వద్దాము. హాట్ రాడ్ కట్టాలంటే పద్దెనిమిదేళ్ళ వయసు, షెడ్డు, పనిముట్లు, వారానికి ఇంతని జీతం కావాలి. పదేళ్ళ పిల్లవాడికి అవేవీ లేవు. కాలిఫోర్నియాలోని రెవెల్ కంపెనీ 1951లో పాత కాలపు కార్లను 1/32 కొలతలో ముక్కలుగా పెట్టెలలో పెట్టి అమ్మింది. వాటిని రూపొందించినది ఇంగ్లండు నుండి వచ్చిన గౌలండు కుటుంబం. చికాగోలో 1945లో కొయ్య ఓడల నమూనాలతో మొదలైన మోనోగ్రాం కంపెనీ కూడా ప్లాస్టిక్‌కు మళ్ళి 1/24 కొలత పట్టుకొన్నది. అడుగుకు అర అంగుళం లెక్క అది, మేస్త్రీకి సైతం నోటికి వస్తుంది. మిషిగన్ రాష్ట్రంలో 1948లో పుట్టిన ఏ.ఎం.టి. కంపెనీ మొదట కార్ల దుకాణాలకు నమూనా బొమ్మలు చేసి ఇచ్చేది. కొత్త కారు కొనవచ్చిన తండ్రి వెంట వచ్చిన పిల్లవాడికి ఆ బొమ్మ చేతిలో పెట్టేవారు. 1958లో ఆ కంపెనీకి ఒక ఆలోచన తట్టింది. ఒకే పెట్టెలో మూడు రకాల ముక్కలు పెట్టింది. కంపెనీ నుండి వచ్చిన బండి వలె కట్టుకో, షోకుగా మార్చుకో, లేదా పందెపు బండిగా కట్టుకో, నీ ఇష్టం! 1950ల చివరకు 1932 ఫోర్డు కూడా ఈ వరుసలో చేరింది.

మా మేనల్లుడి పెట్టెలో మడ్గార్డులు మిగిలిపోవడానికి కారణం అదే. వాడు మరచిపోలేదు, ఎంచుకొన్నాడు. పదేళ్ళ పిల్లవాడికి ఒకటిన్నర డాలరు పెట్టెలో ఇటువంటి ఎంపిక దొరకడం మాకు చాలా పెద్ద సంగతిగా తోచింది. మన బడిపుస్తకాలలో లెక్కకు జవాబు వెనుక పేజీలో ఒకటే ఉంటుంది. ఈ పెట్టెలో మూడు జవాబులు, మూడూ సరైనవే. అయిదారు పెట్టెలు కట్టినవాడు నాలుగో జవాబుకు దిగేవాడు. ఒక పెట్టె ఇంజను తీసి మరొక పెట్టె బండిలో పెట్టేవాడు. అన్నగారు షెడ్డులో ఇనుముతో చేసినదే తమ్ముడు వంటింటి బల్లమీద ప్లాస్టిక్‌తో చేశాడన్నమాట. 1960లలో ఈ వ్యాపారం ఎంత పెరిగిందంటే, ఎడ్ రాత్ అనే రంగుల పనివాడు తన ఊహకొద్దీ కట్టిన విచిత్ర వాహనాలను సైతం రెవెల్ కంపెనీ పెట్టెలలో పెట్టి అమ్మింది.

ఇదంతా చదివేటప్పుడు మా పుట్టినూరు కొండపల్లి పక్కన కనుక మాకు మా చిన్నతనం గుర్తుకు వచ్చింది. తెల్లపొణికి కర్రను వేడిచేసి చెమ్మ తీసి, ఏనుగుకు తొండం, కాళ్ళు, అంబారీ వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సందులు అదే మక్కుతో పూడ్చి, సున్నం పూసి రంగు వేస్తారు. ప్లాస్టిక్ బండి కట్టేవాడు కూడా అతుకుల సందులు ఒక ముద్దతో నింపి, ఆరినాక రుద్ది, తెల్లపూత వేసి, ఆ పైన రంగు వేస్తాడు. వరుస అదే. కాకపోతే కొండపల్లిలో ఆ పని బొమ్మ చేసేవారి ఇంట్లో అయిపోయి మన ఇంటికి పూర్తి బొమ్మ వస్తుంది. అక్కడ సగం పని మిగిల్చి పిల్లవాడి చేతికి ఇచ్చారు.

బొమ్మలు కట్టి ఎవరు బాగుపడ్డారని మా బావగారు అడుగుతారు. ఈ ప్రశ్న ఊరికే అడిగేది కాదు. మా మేనల్లుడు ఇంటర్మీడియట్ లెక్కలలో రెండుసార్లు తప్పాడు. ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్కు పనిలో చేరతానంటున్నాడు. ఇంట్లో గ్రీజు చేతులు వద్దని బావగారి పట్టు. ఆయనకు చెప్పదగిన జవాబొకటి మాకు దొరికింది. జనరల్ మోటార్స్‌వారి ఫిషర్ బాడీ శాఖ 1930 నుండి 1968 వరకు పిల్లలకు ఒక పోటీ నడిపింది. మొదటి సంవత్సరాలలో రాచబండి నమూనా, 1937 నుండి సొంత ఊహతో చిన్న కారు నమూనా చేసి పంపాలి. పెట్టె లేదు, ముక్కలు లేవు, అన్నీ చేత్తోనే చెక్కుకోవాలి. గెలిచినవారికి కాలేజీ చదువుకు డబ్బు ఇచ్చేవారు. 1947లో గెలిచినవారిలో చక్ జోర్డాన్ అనే కుర్రవాడు తరువాత ఆ కంపెనీలోనే చేరి 1986లో కార్ల రూపకల్పన శాఖకు అధిపతి అయ్యాడు. ఐ.టి.ఐ. చదివిన ప్రతివాడూ అంతవాడవుతాడని మేము చెప్పడం లేదు. బావగారికి అట్లా చెబితే మేము ఇంకొక మసకబారిన అద్దం చూడవలసి వస్తుంది.

ఇక మన వైపు వద్దాము. ఆరంబాక్కంలో బస్సెక్కి మద్రాసు రోడ్డున దక్షిణానికి పోతే గుమ్మిడిపూండి, కవరపేట, కారనోడై దాటి షోలవరం వస్తుంది. చెన్నై నగరానికి తాగునీరిచ్చే చెరువుగా దాన్ని అందరూ ఎరుగుదురు. ఆ చెరువు ప్రక్కన రెండవ ప్రపంచ యుద్ధంలో వేసిన విమానపు దారి ఒకటి ఉన్నది. యుద్ధం అయిపోయినాక అది ఖాళీ పడింది. మద్రాసులో మోటారు పందెముల మీద మోజున్నవారు 1953లో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు పెట్టుకొని ఆ దారిమీద కార్లు, మోటారు సైకిళ్ళ పందెములు నడిపారు. గొలీటాలో, సాంటా అనాలో జరిగినదే కొద్ది ఏళ్ళ తేడాతో మన పొన్నేరి తాలూకాలో జరిగింది! ఒకరిని చూసి ఒకరు చేసినది కాదు. యుద్ధం రెండుచోట్లా ఒకే రకం నేలను వదిలిపోయింది, అంతే.

ఆ రోజులలో విదేశీ కారు దిగుమతి అంటే గగనకుసుమం. 1948లో మా రైలుమార్గంమీదనే ఉన్న ఎణ్ణూరులో అశోక్ మోటార్స్ పుట్టి ఆస్టిన్ కార్లు బిగించింది. మద్రాసులోని స్టాండర్డు కంపెనీ 1961లో హెరాల్డు కారు తెచ్చింది. ఫియట్, అంబాసడరు, హెరాల్డు, దేశంలో ఉన్న కార్లు ఇంచుమించు ఇవే. షోలవరంలో పరుగెత్తినవీ చాలావరకు ఇవే, అనవసరమైన బరువు తీసివేసి, ఇంజనుకు పదును పెట్టి. కొందరు ఇంకొక అడుగు వేసి ఈ కార్ల ఇంజను, గేరుపెట్టె, ఇరుసులు తీసుకొని, గొట్టాలతో కొత్త చట్రం కట్టి, రేకు కొట్టి, ఒక్కడే కూర్చొనే బండ్లు తయారుచేసుకొన్నారు. వాటిని స్పెషల్ అనేవారు. హెరాల్డు కారుకు ఒక సుగుణం ఉన్నది. దాని శరీరం వేరు, చట్రం వేరు. బోల్టులు విప్పితే పైభాగమంతా లేచివస్తుంది. పాత ఫోర్డులకున్న సుగుణమే అది. ఇవి అమెరికా హాట్ రాడ్‌లు కావు, వాటి పేరు పెట్టుకొన్నవీ కావు. కాని ఉన్నదాన్ని విప్పి, కావలసినదాన్ని కట్టుకొనే ఆ పని మాత్రం అదే.

ఆ పనిలో మన భాషవారు తక్కువ తినలేదు. కోయంబత్తూరు జి.డి. నాయుడుగారి ఇంటి భాష తెలుగు. యువకుడుగా ఒక ఆంగ్ల అధికారి మోటారు సైకిలును చూసి, దానికోసం హోటలులో పనిచేసి డబ్బు కూడబెట్టి కొని, ముక్కముక్కగా విప్పి మళ్ళీ బిగించి ఆ యంత్రాన్ని నేర్చుకొన్నారు. 1920లో ఒక్క బస్సుతో మొదలై పెద్ద రవాణా సంస్థను నడిపారు. ఆ ఊరిలోనే మిల్లు యజమానుల కుటుంబంలో పుట్టిన సుందరం కరివర్ధన్ షోలవరంలో పందెములు నడిపి, తరువాత మారుతీ 800 ఇంజనుతో తక్కువ ఖర్చులో ఒక్కడే కూర్చొనే పందెపు కార్లను తయారుచేశాడు. ధనవంతుని కొడుకు కాని పిల్లవాడు కూడా పందెపు కారు ఎక్కగలిగాడంటే ఆ చౌక బండ్లు ఒక కారణం. 2005లో మన దేశం నుండి మొదటిసారిగా ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న నరేన్ కార్తికేయన్ తొలి పరుగు అటువంటి బండిలోనే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. 2003లో కోయంబత్తూరు దగ్గర తెరిచిన పందెపు దారికి అతని పేరే పెట్టారు. షోలవరంలో పందెములు ఆగిపోయి, 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో కొత్త దారి వచ్చింది. పెద్దది, చక్కనిది. ఇప్పుడు షోలవరం మీదుగా పోయే బస్సులో ఎవరినైనా అడిగితే చెరువు చూపిస్తారు, అంతే.

మా మనసును గుచ్చుతున్నది ఇదే. 1932 ఫోర్డు అసలు బండి ఎంత అరుదైనా, దాని కొలతలు లక్షల ఇళ్ళలో అలమారలమీద ఉన్నాయి. కంపెనీలు చేతులు మారాయి. రెవెల్, మోనోగ్రాం 1986లో ఒకటైనాయి, 2018లో రెవెల్ జర్మనీవారి చేతికి పోయింది. ఏ.ఎం.టి. పేరు ఇండియానా రాష్ట్రంలోని రౌండ్ 2 అనే సంస్థకు చేరింది. అయినా పాత ఉక్కు అచ్చులు బ్రతికే ఉన్నాయి, అరవై ఏళ్ళనాటి అచ్చులోనుంచి ఈనాటికీ బొమ్మలు దిగుతున్నాయి. షోలవరం స్పెషల్ ఒక్కదానికైనా ఇట్లా కొలతలు కలిగిన పెట్టెను మేము ఎక్కడా చూడలేదు.

పెట్టెలు తెప్పించుకొని కట్టుకొందామన్నా తేలిక కాదు. కస్టమ్స్ జాబితాలో ఈ నమూనాలు ఆటబొమ్మల పద్దులోనే ఉన్నాయి. ఆ పద్దుకు 2020లో సుంకం ఇరవై నుండి అరవై శాతానికి పెరిగింది, 2023లో డెబ్బై అయింది. మన బొమ్మల పనివారికి మేలు చేసే సుంకమని తెలుసు కనుక, కొండపల్లి పక్కవాళ్ళం, దాన్ని తప్పుపట్టలేము. మా మేనల్లుడికి ఆ 1932 ఫోర్డు కూడా అమెరికానుండి వచ్చిన బంధువు సూట్‌కేసులో వచ్చినదే. రెండోది వచ్చే సూచన లేదు. మేము అతికించిన మడ్గార్డులను వాడు సన్నని రంపంతో కోసి తీశాడు. మచ్చలు పడ్డాయి, రుద్ది రంగు వేశాడు. అద్దం సంగతి ఏమిటిరా అంటే, “ఎడారి చెరువులో అద్దం విప్పేస్తారు గదా మామా” అని దాన్నీ తీసి పారేశాడు. మాకు అప్పుడు కొంచెం ఊపిరి ఆడింది. ఐ.టి.ఐ. దరఖాస్తుమీద బావగారి సంతకం ఇంకా పడలేదు. ఆయన ఈ సంచికను మొదటి పేజీనుండి చివరి ప్రకటన దాకా చదువుతారని మాత్రం మాకు తెలుసు.

వాడు ఇప్పుడు పెట్టె లేకుండా ఒక బండి కడుతున్నాడు. పాత స్విచ్చిబోర్డుల ప్లాస్టిక్ రేకు, బాల్‌పెన్ను గొట్టాలు, సైకిలు తీగలు. హెరాల్డు భాగాలతో కట్టిన షోలవరం స్పెషల్ ఒకటి చేయాలని సంకల్పం. హెరాల్డు ఇరుసుల మధ్య 91.5 అంగుళాలు, ఇరవైఐదో వంతుకు 3.66. ఆ లెక్కను లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పినవాడు నోటితోనే చేశాడు. చట్రం అయింది, చక్రాలు అయినాయి. పైన రేకు ఏ ఆకారంలో కొట్టాలో తెలియక పని ఆగి ఉన్నది.

మన కుటుంబాలలో మద్రాసు, ఎణ్ణూరు కర్మాగారాలలో పనిచేసిన పెద్దలు ఉన్నారు. షోలవరం పందెములు చూడబోయినవారు, అక్కడ మెకానిక్కుగా చేయివేసినవారు కూడా ఉండవచ్చు. పాత ఆల్బములలో ఆ బండ్ల ఫోటోలు ఉంటే దయచేసి సంఘం కార్యాలయంలో చూపండి. నకలు తీసుకొని అసలుది అప్పుడే తిరిగి ఇస్తాము, రసీదు కూడా ఇస్తాము. పక్కనుండి తీసిన ఫోటో అయితే మరీ మంచిది. చక్రం అంచు ఎన్ని అంగుళాలో తెలుసు కనుక, చక్రం కనబడితే మిగతా కొలతలన్నీ దానినుండి తీసుకోవచ్చని వాడు చెప్పమన్నాడు.